రెండోసారి వచ్చిన పేర్లు

తిరుపతిలో ఆ కంప్యూటర్ గదిలోకి చెప్పులు విడిచి పోవాలి. కుముదవల్లి పుత్తూరు పక్క పల్లె నుంచి వచ్చి అందులో చేరి ఇంకా నెల నిండలేదు. రోజూ గడప దగ్గర ఒక్క క్షణం ఆగి లోపలికి పోయేది.

ఆ పొద్దున ఆఫీసరు రాజారత్నం ఉద్యోగ పరీక్ష రాసేవాళ్ల ఫైలు చూపించాడు. వరుసకొక మనిషి: ఇంటిపేరు పొడి అక్షరం, పేరు, ఊరు. "ఒకే వరుస రెండుసార్లు పడిండాదేమో సూడు పాపా. ఉంటే ఒకటి తీసెయ్," అన్నాడు.

అందుకొక కమాండు ఉంది. పేర్లను అక్షరక్రమంలో పేర్చి అది కొడితే, అచ్చం ఒకేలా ఉన్న వరుసల్లో ఒక్కటే మిగులుతుంది. ఆమె కొట్టింది. కొత్త జాబితాకు పాత ఫైలు పేరే పెట్టింది. పాతది చెరిగిపోయింది.

ప్రింటరు గరగరమంటూ హాల్ టికెట్లు వదలసాగింది. దాన్ని కనిపెట్టుకుని ఉండే ముసలి చిన్నబ్బ ఒక్కొక్కటే చింపుతూ నవ్వాడు.

"ఏం పాపా, మా ఊళ్లో అన్నదమ్ముల బిడ్డలిద్దరు రాస్తా ఉండారు. ఇద్దరికీ తాత పేరే, యతిరాజులు. ఈడ ఒకడే ఉండాడు. రెండోవాణ్ణి నువ్వు మింగినావా ఏంది?"

కుముదవల్లి తెర మీద జాబితా చూసింది. యతిరాజులు ఒక్కడే. వాళ్లింట్లోనూ అంతే. అవ్వ పేరే ఆమెకూ, పెదనాయన కూతురికీ. పిలిచేటప్పుడు చిన్న కుముద, పెద్ద కుముద. కాగితం మీద ఇద్దరూ ఒకటే. ఇలా ఎంతమందిని చెరిపేసిందో.

పోయిన వారం ఒక ఫైలు పాడుచేసినందుకు, తనతోపాటు చేరిన కల్యాణవల్లిని రాజారత్నం ఆ సాయంత్రమే పనిలోంచి తీసేసి ఇంటికి పంపేశాడు.

ఆమె ముఖం చూసి చిన్నబ్బ గొంతు తగ్గించాడు. "నేనేం సెప్పనులే. ఉత్తినే అన్నాను."

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ రెండో యతిరాజులు మాత్రం టికెట్ లేక పరీక్ష రోజు గేటు బయట నిలబడతాడు.

చెయ్యి దానంతటదే పోయినట్టు పోయి ప్రింటరు ఆపింది. గది ఒక్కసారిగా మూగపోయింది.

"ఎవరు ఆపింది?" రాజారత్నం లేచాడు.

"నేనే సార్." జరిగిందంతా చెప్పింది.

ఆయన ఆమెను చూడలేదు. గోడ గడియారాన్ని చూశాడు.

"టికెట్లు పోయే చిత్తూరు బస్సు మూడింటికి. వాళ్లు రాసి పంపిన అర్జీల మూట విప్పు. మళ్లీ మొదట్నించి సరిచూడాల. నీ సంగతి తర్వాత."

ఆమె నేల మీద కూర్చుంది. మూట ముడి వేళ్లకు లొంగలేదు. తల వంచి పళ్లతో లాగింది.