ఆదివారం పంక్చరు

దుయితామా ఊరు దాటాక కొండెక్కే రోడ్డులో, పెద్ద మలుపు దగ్గర ఎలియేసర్ సైకిలు ప్రతి ఆదివారం పంక్చరయ్యేది. వెనకాల వచ్చే కుర్రాళ్లు ఆ మలుపుకి ముసలాయనంటే ఏం పగో అని నవ్వుకునేవాళ్లు. పగా లేదు, పాడూ లేదు. మలుపు రాకముందే ఆయన దిగి, జేబులోంచి ముల్లు తీసి, అటూ ఇటూ చూసి టైరులో గుచ్చేవాడు. మలుపులో ఉన్న ఇల్లు ఆయన అక్క ఓతిలియాది మరి.

తల్లి ప్రాణం పోతున్న రోజున ఎలియేసర్ పక్క ఊళ్లో సైకిలు పందెంలో ఉన్నాడు. సగం దారిలో కబురందింది. అందినా పందెం పూర్తి చేసుకునే వచ్చాడు. పోనీ గెలిచాడా అంటే అదీ లేదు. వాడేడీ, వాడేడీ అంటూనే తల్లి కన్నుమూసింది. ఓతిలియా శవపేటిక మీద చెయ్యి వేసి, వీడిక నాకు తమ్ముడు కాడు, నా గడప తొక్కనివ్వను అని మరియమ్మ తల్లి సాక్షిగా ఒట్టు పెట్టుకుంది. తర్వాత ఎంతమంది చెప్పినా, చర్చి ఫాదరు వచ్చి కూర్చున్నా, ఆవిడ దిగిరాలేదు.

ఆ రోడ్డు మీద మాత్రం ఒక ఆనవాయితీ ఉంది. పంక్చరైనవాడు ఎవరి ఇంటి ముందు ఆగితే వాళ్లు బేసిన్లో నీళ్లు తెచ్చి పెట్టాలి. ట్యూబు ముంచితేనే కదా గాలి ఎక్కడ పోతోందో తెలిసేది. దొంగ వెధవకైనా సరే, నీళ్లు లేవనరు. ఒక ఆదివారం ఎలియేసర్ సైకిలు నిజంగానే అక్కడ పంక్చరైంది. ఓతిలియా గుమ్మంలో నిలబడి కాసేపు తటపటాయించి, బేసిను తెచ్చి గోడ మీద పెట్టింది. దారిన పోయేవాడికి పెట్టింది, తమ్ముడికి కాదు. ఒట్టు చెక్కుచెదరలేదు.

ఆ మర్నాడే ఎలియేసర్ కంచెలోంచి ముల్లు విరిచి జేబులో వేసుకున్నాడు.

మొదట్లో ఆవిడ బేసిను పెట్టి లోపలికి వెళ్లిపోయేది. తర్వాత్తర్వాత ఉన్ని కంబళి కప్పుకుని అక్కడే నిలబడి, బుడగలు లేచిన చోటు చూసి "అదిగో" అనేది. ఇంకొన్నాళ్లకి "వాల్వు పక్కన" అనేదాకా వచ్చింది. ఒకసారి ట్యూబుతో అంటున్నట్టుగా "చిక్కిపోయావు" అంది. ఒక చలి రోజున వేడి బెల్లం నీళ్ల గ్లాసు కూడా బేసిను పక్కన పెట్టింది. ఎలియేసర్ కొండ దిగేదాకా ఏడుస్తూనే ఉన్నాడు.

ఇవేవీ ఆయన కూతురు యానెత్‌కి తెలియవు. చలికి నాన్న వేళ్లు ముడుచుకోవడం, ట్యూబుల మీద అతుకు పక్కన అతుకు పడటం మాత్రమే ఆ పిల్ల చూసింది. ఆయన పుట్టినరోజుకి ట్యూబ్‌లెస్ టైర్లు వేయించి తెచ్చింది.

"లోపల ట్యూబే ఉండదు నాన్నా. పాలలాంటి మందు పోశారు. ముల్లు దిగినా చిల్లు దానంతటదే పూడుకుపోతుంది. రోడ్డు పక్కన చలికి వణుక్కుంటూ కూర్చునే ఖర్మ ఇక నీకెందుకు?"

అంత ప్రేమగా తెచ్చిన దాన్ని వద్దని ఏ నోటితో అంటాడు? బాగున్నాయమ్మా అన్నాడు.

ఆదివారం ముల్లు గుచ్చాడు. బుస్సుమంది, తెల్లటి చుక్క బయటికొచ్చింది, అంతే, పూడుకుపోయింది. ఇంకోచోట గుచ్చినా అంతే. ఇంతలో కుర్రాళ్లు వస్తుంటే సిగ్గుపడి సైకిలెక్కాడు. ఇంటి ముందు గోడ మీద బేసిను అప్పటికే నీళ్లతో సిద్ధంగా ఉంది. పక్కన ఓతిలియా నిలబడి ఉంది. ఏ వంక చెప్పి ఆగాలో తోచక, తల దించుకుని తొక్కుకుంటూ పోయాడు. పై ఆదివారమూ అలాగే పోయాడు. రాత్రుళ్లు నిద్ర పట్టడం మానేసింది.

ఆ తర్వాతి ఆదివారం తెగించి ఆగాడు. ఓతిలియా ముందు చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూసింది. రాయిలా ఉంది.

"పంక్చరు లేదక్కా. మొదటిసారి తప్ప ఎప్పుడూ లేదు. నేనే గుచ్చుకునేవాణ్ణి. నిన్ను చూద్దామని."

ఆవిడ చక్రం మీంచి వేలు తీసేసింది.

"తారు రోడ్డు మీద వారం వారం ముల్లెక్కడిదిరా? నాకు తెలియదనుకున్నావా?"

ఎన్నేళ్లకి విన్నాడో ఆ 'రా'! ఎలియేసర్ ప్రాణం లేచొచ్చింది. గేటు వైపు అడుగు వేశాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"తెలియనట్టు ఉన్నాను కాబట్టే నీళ్లు పెట్టగలిగాను. నువ్వు నోటితో చెప్పేశాక ఇంకెలా పెట్టను?"

"ముసలివాళ్లం అయిపోయాం అక్కా. ఇంకా ఎందుకిదంతా?"

"అందుకేరా. రేపో మాపో అమ్మ దగ్గరికి వెళ్లాలి. మాట తప్పి ఏ మొహం పెట్టుకుని వెళ్లను? నువ్వు చెప్పకుండా ఉండాల్సింది."

ఆవిడ నీళ్లన్నీ పూలమొక్కల్లో గుమ్మరించింది. సగం నీళ్లు ఆవిడ బూట్ల మీదే పడ్డాయి. బేసిను చంకన పెట్టుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

మరుసటి ఆదివారం ఎలియేసర్ కూతురికి చెప్పకుండా పాత టైర్లు, ట్యూబులు వేసుకుని బయల్దేరాడు. ముల్లు మాత్రం తీసుకెళ్లలేదు. ఇక అక్కతో దొంగాటలు ఆడదలుచుకోలేదు. రోడ్డు పంపిస్తేనే ఆగుతాననుకున్నాడు. ఆ రోజు రోడ్డు పంపింది. మలుపు కింద గాజుపెంకు దిగింది. సైకిలు నడిపించుకెళ్లి గోడ దగ్గర కూలబడి, ట్యూబు ఊడదీసి ఎదురుచూశాడు. కిటికీ పరదా కాస్త కదిలింది. బేసిను రాలేదు.

పరదా మళ్లీ కదలదని నమ్మకం కుదిరాక, ట్యూబుకి గాలి కొట్టి చెంప మీదుగా మెల్లగా లాగాడు. ఒకచోట సన్నటి గాలి చల్లగా తగిలింది.

"వాల్వు పక్కన," అన్నాడు ఇంట్లోకి వినపడేలా.

ఆయన అతుకు వేసుకుని ఇంటిదారి పట్టాడు.