కందకం ఇంటి దగ్గర సంతకం

"పులిహోరలో పసుపు తక్కువైందమ్మాయ్," అంటూనే మూడోసారి పెట్టించుకుంది మా అత్తగారు జ్ఞానప్రసూన, పార్కింగ్ లాట్‌లో కారు డిక్కీ ముందు నిలబడి. పొద్దున్నే ఐదింటికి లేచి కలిపాను. మేముండే మోరిస్‌విల్ నుంచి మూడు గంటల డ్రైవ్. ఇంగ్లండులో ఎప్పుడో ఐదొందల ఏళ్ళ కిందట కట్టిన మేనర్ హౌస్‌ని, అదే జమీందారుల బంగళాని, ఒక కోటీశ్వరుడు ఊడదీయించి, ఓడలో తెప్పించి, ఈ వర్జీనియాలో మళ్ళీ నిలబెట్టాడట. చుట్టూ కందకం కూడా తవ్వించాడు. డబ్బున్న మారాజు!

నా ధ్యాసంతా హ్యాండ్‌బ్యాగ్‌లోని కవరు మీదే ఉంది. ఈ మే నుంచి మొగుడి వెంట హెచ్-ఫోర్ వీసా మీద వచ్చిన మాలాంటి వాళ్ళకీ వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. కాకినాడలో బాటనీ లెక్చరర్‌ని, ఇక్కడ ఆరేళ్ళుగా డిపెండెంట్‌ని. కమ్యూనిటీ కాలేజీ వాళ్ళు జనవరిలో ల్యాబ్‌లో చేరమన్నారు. పర్మిట్ కార్డు రావడానికి మూణ్ణెల్లు పడుతుంది. ఇది సెప్టెంబరు ఆఖరి శనివారం. ఇవాళ పోస్టులో పడకపోతే ఆ ఉద్యోగం నాది కాదు. దరఖాస్తులో అన్నీ నింపి, మా ఆయన సంతకం కోసం చివరి గీత ఖాళీగా వదిలాను. నెల నుంచీ "చూద్దాంలే" అంటున్నాడు.

కందకం మీది వంతెన దాటగానే టికెట్ల గదిలో విజిటర్స్ బుక్. "విశ్వనాథ్ అండ్ ఫ్యామిలీ" అని రాసేశాడు మా ఆయన.

గైడ్ ఒక పెద్దావిడ. ఆవిడ చెప్పేది అత్తమామలకి తెలుగులో చెప్పడం నా డ్యూటీ. ఆయనకి ఆఫీస్ కాల్. ఈ ఇంటి దొరసాని మిరియాల అలమర దగ్గర్నుంచి అన్ని తాళాలూ నడుముకే కట్టుకునేదట. "మా అత్తగారూ అంతే, గుత్తి బొడ్లోనే!" అని అత్తగారు మురిసిపోయింది. మా ఇంటి ఫైళ్ళన్నీ సర్దేది నేనే. ఏ కాగితం ఎక్కడుందో నన్నే అడగాలి. ఏ కాగితం ఎప్పుడు కదలాలో మాత్రం ఆయన చెప్పాలి. ఒళ్ళు మండిపోయింది.

తోటలో పొట్టి పొదల్ని ముగ్గేసినట్టు కత్తిరించారు. మామగారు కేశవరావు బెంచీ మీద కునుకు తీస్తున్నారు. ఆయన కాల్ అయ్యాక కవరు తీశాను. వాళ్ళమ్మ ముందు "ఏమండీ" అనాలి.

"ఏమండీ, ఈ సంతకం..."

"ఇక్కడా? నీకు టైమూ సందర్భమూ ఉండదు శ్రీవిద్యా. అన్నట్టు అమ్మావాళ్ళు ఇంకో ఆర్నెల్లు ఉంటారు. వీసా ఎక్స్‌టెన్షన్ ఫారాలు రేపు నువ్వు నింపెయ్."

"పోన్లే, కోడలు ఇంట్లోనే ఉంటుందిగా," అంది అత్తగారు. వాళ్ళిద్దరూ ముందే అనుకున్నారని అప్పుడర్థమైంది.

"ఒరే, నా కాగితం మీద కూడా మీ నాన్న సంతకం పెట్టేస్తే చాలదూ?" అని కొడుకుని అడిగింది.

"ఎవరి ఫారం మీద వాళ్ళే పెట్టాలమ్మా. అమెరికా ఇది!" అని నవ్వాడు.

నేను కవరు విప్పాను. ఆ చివరి గీత కింద చిన్న అక్షరాల్లో దరఖాస్తుదారు సంతకం అని ఉంది. భర్త ఊసే లేదు. ఎన్నిసార్లు సరిచూశానో, ఆ ఒక్క ముక్క చదవలేదు. ఆరేళ్ళుగా ప్రతి చివరి గీతా ఆయనదే అనుకోవడం అలవాటైపోయింది. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

టికెట్ల గదికి వెళ్ళి, విజిటర్స్ బుక్ పక్కనున్న పెన్నే అందుకున్నాను. ఫారం చివరి గీత మీద నా పూర్తి పేరు రాశాను. వంతెన అవతల నీలం పోస్టు డబ్బాలో కవరు పడిన చప్పుడు విన్నాకే వెనక్కి తిరిగాను.

విశ్వనాథ్ గబగబా వస్తున్నాడు. "ఏం వేశావందులో, ఆ దరఖాస్తేనా? మరి అమ్మావాళ్ళ ఫారాలు ఎవరు నింపుతారు?"

"ఎవరివి వాళ్ళే, విశ్వా. అమెరికా ఇది."