అంగిలిలో పడుకున్న పన్ను

పిల్లకు పద్నాలుగేళ్లు నిండినా పైవరసలో ఎడమవైపు కోరపన్ను రాలేదు. లేక కాదు. డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడు తల్లికి స్పష్టంగానే కనిపించింది. మిగతా పళ్లన్నీ బుద్ధిగా నిలబడి ఉంటే, అదొక్కటీ వాటి వెనక, అంగిలి ఎముకలో అడ్డంగా, అలిగి ముసుగు తన్ని పడుకున్న మనిషిలా ఉంది.

"లాగుదాం. ఏడాది పట్టొచ్చు," అన్నాడు డాక్టరు.

"ఎముకలోంచా?"

"ఎముకలోంచే."

తల్లి గడియారాలు బాగుచేస్తుంది. వీధిలో అందరికీ ఆమె గడియారాలమ్మ. కంటికి భూతద్దం తగిలించుకుని, వెంట్రుకంత సన్నటి స్ప్రింగులను పట్టకారుతో సవరించే ఆ మనిషికి ఒక నమ్మకం ఉండేది: గట్టి వస్తువు కదలదు, కదిలిందంటే విరిగినట్టే. అందుకే డాక్టరు మాట ఆమెకు సగమే చెవికెక్కింది.

చిగురులో చిన్న కోత పెట్టి, దాగిన పంటికి ఒక బిళ్ల అతికించి, దానికి బంగారు గొలుసు తగిలించారు. చీమ మెడలో వేయదగ్గ గొలుసు. దాని కొస మాత్రమే చిగురులోంచి బయటికి కనిపిస్తుంది. పైపళ్లన్నిటికీ బ్రాకెట్లు అంటించారు. వాటి గాడుల్లోంచి ఒక తీగ, ఆ తీగకు ఒక కొక్కెం. గొలుసు చివరి లంకెకూ కొక్కేనికీ మధ్య చిన్న రబ్బరు. రోజూ పొద్దున పాత రబ్బరు తీసి కొత్తది వేయాలి. ఒక్కటే.

"నీ నోట్లో ఉన్న సరంజామా నా కొట్లో కూడా లేదే," అంది తల్లి.

"అయితే నన్నూ ఆ అద్దాల బీరువాలో పెట్టమ్మా," అంది పిల్ల, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ.

ఆ చెయ్యే తల్లిని తొలిచేసింది. పిల్లకు ముందు చెయ్యి లేచేది, తర్వాతే నవ్వు వచ్చేది. మూడు నెలలైనా గొలుసులో ఒక్క లంకె కూడా అదనంగా బయటపడలేదు. ఆమె చేతికొచ్చిన గడియారం సాయంత్రానికల్లా నడవాల్సిందే. అలాంటి చేతులకు మూడు నెలలంటే ఒక యుగం.

ఒకరోజు రబ్బరు వేస్తూ, "ఒకటి లాగేదాన్ని మూడు లాగితే తొందరగా రాదూ?" అంది.

"డాక్టరుగారు ఒక్కటే అన్నారుగా."

"ఆయనకు వందమంది. నాకు నువ్వొక్కదానివి. నోరు తెరు."

పిల్ల తెరిచింది. అమ్మ చేతి మీద ఆ ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు.

అలా అయిదు వారాలు గడిచాయి. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు మాత్రం తల్లి ఒక్క రబ్బరే వేసింది. ఎందుకలా చేస్తున్నానని తనను తాను అడగలేదు.

డాక్టరు చిన్న అద్దం లోపలికి పెట్టి చాలాసేపు చూశాడు. చిన్న కడ్డీతో పళ్లను ఒక్కొక్కటిగా తట్టి విన్నాడు.

"పన్ను కదల్లేదు. పైగా పక్కపళ్లే దానివైపు వాలాయి. ఒడ్డుకు కట్టిన తాడును పడవలోంచి లాగితే ఒడ్డు రాదుగా, పడవే వెళ్తుంది. అలా ఉంది." అద్దం పక్కన పెట్టాడు. "ఎముకకు అతుక్కుపోయిందని నా అనుమానం. అదే అయితే లాగి లాభం లేదు. కోసి తీసేసి, ఆ చోట పెట్టుడు పన్ను పెట్టాలి. ఆపరేషన్ వచ్చే వారం పెట్టుకుందాం."

కుర్చీలో వెల్లకిలా ఉన్న పిల్ల కళ్లు మాత్రం తిప్పి తల్లిని చూసింది. ఆ చూపులో నింద ఉంటే తల్లి తట్టుకునేదేమో. అందులో ఉన్నది, అమ్మ చెప్తుందిలే అన్న నమ్మకం.

డాక్టరు పక్కనున్న పళ్లెంలో ముల్లుతో ఉన్న చిన్న పరికరం ఒకటి తల్లికి కనిపించింది.

"అదేంటండీ?"

"రబ్బరు ఎంత బలంతో లాగుతోందో కొలిచేది."

"ఒకసారి ఇవ్వండి."

రబ్బరు ఒకటి తగిలించి, పిల్ల నోట్లో సాగినంత మేరకే సాగదీసింది. ముల్లు అరవై గ్రాముల దగ్గర ఆగింది. దాని మీద రెండోది వేసింది. మూడోది వేసింది. ముల్లు రెండు వందలకు దగ్గరైంది.

"ఇలా వేశానండీ. అయిదు వారాలు. పిల్ల వద్దంది."

"వద్దనలేదు," అంది పిల్ల నోరు తెరుచుకునే. "ఒక్కటే అన్నారుగా అన్నాను. అంతే."

డాక్టరు కోప్పడలేదు. స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు.

"మూడు రెట్లు లాగితే మూడు రెట్లు వస్తుందనుకున్నారు."

"గడియారమైతే..."

"గడియారానికి నెత్తురు లేదమ్మా. పన్ను ఎముకను చీల్చుకుని రాదు. ఎముకే దారి ఇస్తుంది. రెంటికీ మధ్య పలచటి పొర ఒకటి ఉంటుంది. మెల్లగా ఒత్తితే అక్కడికి నెత్తురుతో పాటు పనివాళ్లలా కణాలు చేరతాయి. ముందువైపు కొన్ని ఎముకను కరిగించుకుంటూ పోతాయి, వెనకవైపు కొన్ని కొత్త ఎముక కట్టుకుంటూ వస్తాయి. గట్టిగా ఒత్తామా, నెత్తురు ఆగిపోతుంది. పనివాళ్లు రారు. పని సాగదు."

"మరి ఎంత లాగాలి?"

"కోడిగుడ్డు బరువు. అంతే."

ఆమె చెయ్యి తనకు తెలియకుండానే తన దవడ మీదికి పోయింది. మనిషిని నిలబెట్టే ఎముక కోడిగుడ్డంత బరువుకు లొంగుతుందా! బలవంతం చేస్తే బిగుసుకుపోయి, ఓపిక పడితే తప్పుకుంటుందా! ఈ క్షణాన కూడా, ఈ వేళ్ల కింద, ఎవరూ చెప్పకుండానే కూలడం, కట్టడం జరుగుతూనే ఉన్నాయి. నలభై ఏళ్లు ఈ ఒంట్లో కాపురం ఉండి ఆ సంగతి ఎరుగదు. స్థిరమని తాను నమ్మినది నిదానం మాత్రమే.

"వచ్చాకైనా కుదురుగా ఉంటుందా, డాక్టరుగారూ?" అంది పిల్ల.

"ఉండదు. పాత చోటికి పోవాలని చూస్తుంది. అందుకే తర్వాత రిటైనరని పలచటి అచ్చు ఒకటి పెట్టుకోవాలి. కొత్త చోటును నమ్మడానికి ఎముకకు టైం పడుతుంది."

"ఇప్పుడు వస్తుందా?" అడిగింది తల్లి.

"తెలీదు. నిజంగానే అతుక్కుని ఉంటే రాదు. ఆపరేషన్ ఆపుదాం. ఆరు వారాలు ఏమీ లాగొద్దు. తర్వాత ఒక్క రబ్బరు. చేతులు కట్టుకుని కూర్చోగలరా?"

"అదే నాకు చేతకాని పని."

"నేను కాపలా ఉంటాలెండి," అంది పిల్ల.

ఆరు వారాలూ రబ్బర్ల పొట్లం పిల్ల సంచిలోనే ఉంది. తర్వాత రోజుకు ఒకటి, పిల్లే వేసుకుంది. తల్లి అడగడం కూడా మానేసింది. అడగడమూ ఒక లాగుడే అనిపించింది. రెండు నెలలకు ఒక లంకె బయటపడింది. డాక్టరు దాన్ని కత్తిరించి, "అతుక్కోలేదు," అన్నాడు. ఆ ఒక్క మాటను తల్లి మళ్లీ చెప్పించుకుంది.

ఇంకో నాలుగు నెలలకు, స్కూలుకు తయారవుతున్న పిల్ల అద్దం ముందునుంచి కేక పెట్టింది. "అమ్మా! ఒక్కసారి ఇలా రా!"

తల్లి వచ్చేసరికి పిల్ల తల వెనక్కి వాల్చి ఉంది. ఖాళీ చోటుకు కాస్త వెనకగా, చిగురు తెరుచుకుని, బియ్యపుగింజ మొనంత తెలుపు.

"నొప్పి పుట్టిందా?"

"లేదే. నిన్న లేదు, ఇవాళ ఉంది. నాకే తెలీదు."

తల్లి వేలు ముందుకు వెళ్లి, మధ్యలో ఆగింది. "ముట్టుకోనా?"

"మెల్లగా."

చిటికెన వేలి కొసతో తాకింది. చల్లగా, తడిగా, రాయిలా ఉంది. వేలు అలాగే ఉంచింది.

"కదుల్తోందా?" అంది పిల్ల.

"లేదు," అంది తల్లి. కాసేపాగి, "ఆఁ, కదుల్తోంది," అంది.