చల్లగా ఉన్న చక్రం

బ్రేకు వేసినప్పుడల్లా స్కూలు బస్సు కుడివైపుకు గుంజుతోంది. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఇంకాస్తయితే ఆటోను రాసుకునేదే. పద్మశ్రీ అనుమానమంతా డ్రైవరు బాలరాజు మీదే. నాచారం బడిలో ఆమె ఫిజిక్సు టీచరు. బస్సులో పిల్లల్ని కనిపెట్టుకుని రావడమూ ఆమె పనే. బాలరాజు కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. నోట్లో ఎప్పుడూ సోంపు నములుతుంటాడు.

"తాగినవా బాలరాజన్నా?" సూటిగా అడిగేసింది.

"పిల్లల బండి మేడం, తాగి ఎట్ల ఎక్కుత? మా గోడకానుకొని అపార్టుమెంటు కడుతున్రు. మూడు దినాలాయె నిద్రలేక."

"మరి బండి ఎందుకు గుంజుతుంది? మొన్ననే కదా బ్రేకులు చేయించింది?"

"నాలుగు చక్రాలు ఇప్పి సూసిన అన్నడు మెకానిక్ భూషణం. నేను దగ్గర లేను."

ఆమె నమ్మలేదు. బడి చేరగానే ప్రిన్సిపాల్‌కు చెప్పేసింది. సాయంత్రం నుంచి వేరే డ్రైవరు వస్తాడన్నాడాయన.

తిరిగి బయటికొస్తుంటే బస్సు దగ్గర మాడు వాసన వేసింది. వెనక చక్రం దగ్గర చెయ్యి పెడితే సెగ తగిలింది. అందులో వింతేం లేదు. అంత బరువున్న బండిని ఆపితే దాని పరుగులోని శక్తి ఎటో పోవాలి కదా. బ్రేకులు రాసుకుని వేడిగా మారుతుంది. రెండో వెనక చక్రమూ అంతే, ముందు కుడిదీ అంతే. ముందు ఎడమ చక్రం మాత్రం చల్లగా ఉంది.

పద్మశ్రీ మళ్ళీ తాకి చూసింది. దారి పొడుగునా ఈ చక్రం బండిని ఆపనే లేదు. అందుకే బస్సు కుడికి తిరుగుతోంది.

ఆమె చెప్పగానే ప్రిన్సిపాల్ భూషణాన్ని పిలిపించి, ఆమె ఎదుటే ఆ చక్రం విప్పించాడు. లోపల బ్రేకు సిలిండరు తుప్పుతో బిగుసుకుపోయి ఉంది, బ్రేకు లైనింగు మీద పాత మట్టి అలాగే ఉంది.

"దీని నట్టు ఊడి రాలే సార్..." భూషణం నసిగాడు. "మూడే చేసిన."

ప్రిన్సిపాల్ అతన్ని తిట్టి పంపాడు. డ్రైవరు మార్పు ఆగిపోయింది. పద్మశ్రీ బాలరాజు దగ్గరికెళ్ళి, "తప్పయింది అన్నా" అంది.

"అడిగినప్పుడే నిజం చెప్పిన మేడం," అన్నాడతను, చేతులు తుడుచుకుంటూ. కోపంగా అనలేదు.

మర్నాడు బ్రేకు వేస్తే బస్సు తిన్నగా ఆగింది. రోజూ బస్సెక్కగానే పలకరించే బాలరాజు ఆ నెలంతా ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదు.