రోజుకో దెబ్బ

వేలాడుతున్న పొట్టేలును వెన్ను వెంట నిలువునా చీల్చి, ఒక సగాన్ని మొద్దు మీదికి లాక్కున్నాడు, ఊరంతా గోడ అని పిలిచే కసాయి. కత్తి లేచి దిగింది. పక్కటెముకలు ఒక్కొక్కటే టపటపా విరిగాయి. ఎముక పలుకొకటి ఎగిరివచ్చి కనుబొమ్మను కోసినా తుడుచుకోలేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి గాని, ఎడమకాలు మాత్రం మొద్దు పక్కనుంచి బయటికి చాపి ఉంది. పంట్లాం మోకాలి పైదాకా మడిచి ఉంది. మోకాలి కింది ఎముక మీద చర్మం నల్లబడి, గట్టిపడి, పాత చెప్పు అడుగులా తయారైంది. ఆ కాలు దెబ్బ కోసం ఎదురుచూస్తోంది. రోజూ ఈ వేళకు ఆ దెబ్బ తినేసి లోపలికి వెళ్లిపోయేది. దెబ్బ కొట్టాల్సిన బావ ఈ రోజు ఇంకా రాలేదు.

మాంసం కొనడానికి వచ్చిన వాళ్లు ఆ కాలిని దాటుకుని నిలబడుతున్నారు. బజారులో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి తియ్యమని ఎవరూ అనలేదు.

రెండో పొట్టేలు కొక్కేనికెక్కాక బావ వచ్చాడు. కుడికాలు ఈడ్చుకుంటూ, చేతికర్ర మీద బరువంతా వేసి వచ్చి, మొద్దు దగ్గర నిలబడి ఊపిరి తీసుకున్నాడు. పెదవులకు రంగు లేదు. కర్ర ఎత్తి గోడ కాలి మీద ఒక్కటి వేశాడు. అది దెబ్బ కాదు, ఈగను తోలినట్టుంది. గోడ కత్తి ఆపేశాడు. ఇన్నేళ్లలో దెబ్బ గట్టిగా తగిలిందని తిట్టుకున్న రోజులున్నాయి గాని, తగల్లేదని భయపడటం ఇదే మొదలు.

“డాక్టరు ఏమన్నాడు బావా?” అని అడిగాడు.

“ఏమంటాడు? గుండె ఆట ముగించే టైమైంది, అదనపు సమయం నడుస్తోందన్నాడు” అని బావ స్టూలు మీద కూలబడ్డాడు.

ఒకప్పుడు ఈ బావను ఊరంతా పాదరసం అనేది. జీతమిచ్చి ఆడించే ఫుట్‌బాల్ జట్లు ఊళ్లో రెండే రెండు. మట్టిరంగు చొక్కాలది మిల్లు జట్టు, తెల్ల చొక్కాలది రేవు జట్టు. పాదరసం రేవు జట్టులో కుడి అంచున పరిగెత్తేవాడు. పట్టుకోబోతే వేళ్ల సందుల్లోంచి జారిపోయేవాడు. గోడ మిల్లు జట్టులో వెనక వరసలో నిలబడేవాడు. అతన్ని గొప్ప ఆటగాడని వాళ్లమ్మ కూడా అనలేదు. పెద్ద ఆటగాళ్లకు దెబ్బలు తగిలితే బదులుగా దింపే మనిషి. పరిగెత్తడం రాదు, తప్పుకోవడం అంతకన్నా రాదు. అందుకే గోడ.

ఆ రెండు జట్ల ఆట ఉన్న రోజు ఊళ్లో అంగళ్లు మూసేవాళ్లు, ఆస్పత్రి తెరిచి ఉంచేవాళ్లు. మిల్లు కెప్టెన్ దవడ విరిగితే తువ్వాలుతో తలకు బిగించి కట్టుకుని చివరిదాకా ఆడాడు. రేవు గోల్‌కీపరుకు ఒక వేలు లేదు, అది మిల్లు వాళ్ల బూటు కింద ఉండిపోయింది. ఒక ఫైనల్లో ఓడినవాళ్లు రిఫరీని గోలు వలలో చుట్టి తన్నారు, పాపం ఆయన ఈల నోట్లోనే ఉండి ప్రతి తన్నుకూ ఒక కూత వచ్చేది. ఇవన్నీ చెప్పుకుని ఇప్పటికీ బజారులో నవ్వుకుంటారు. తన్నులు తిన్నవాళ్లు తప్ప.

గోడ పేరు మాత్రం ఒక్క ఆటతోనే నిలిచింది. ఇద్దరి మధ్య బంతి ఒంటరిగా దొర్లుతోంది. పాదరసం అటునుంచి దూసుకొచ్చాడు, గోడ ఇటునుంచి జారాడు. ఎండుకట్టె మోకాలికి వేసి విరిచినట్టు చప్పుడైంది, అది పై మెట్ల మీద వాళ్లకు కూడా వినపడింది. పాదరసం కాలు మోకాలి కింద ఇంకో మోకాలు మొలిచినట్టు వంగింది. తెల్ల మేజోడు చీల్చుకుని ఎముక బయటికొచ్చింది. ఆ తర్వాత జనం కంచె తెంచుకుని మైదానంలోకి దిగారు. సీసాలు, బెంచీ చెక్కలు, రాళ్లు, ఏది దొరికితే అది. గోడ రెండు చెవుల్లోంచీ నెత్తురు కారింది. మిల్లు వాళ్లే అతన్ని ఆ సాయంత్రం జట్టులోంచి గెంటేశారు.

కావాలనే విరిచాడని ఊరు తీర్పిచ్చేసింది. తన బూటు ముందు బంతికే తగిలిందని గోడకు తెలుసు. తెలిసి ఏం లాభం? చూసినవాళ్లు వేలమంది, చెప్పేవాడు ఒక్కడు. ఆ చప్పుడు మనసులోంచి పోక రోజూ ఆస్పత్రికి వెళ్లి గుమ్మం దగ్గర నిలబడేవాడు. పాదరసం చెల్లెలు మొదటి రోజు అతని మొహాన వేడినీళ్లు పోసింది. తర్వాత్తర్వాత నీళ్లు చల్లబడ్డాయి, చివరికి తాగడానికి ఇచ్చింది. ఆమెకు గోడతో పెళ్లి మాట వచ్చినప్పుడు పాదరసం మంచం కోడు పీకి చేత్తో పట్టుకున్నాడు, వాడి కాలు నుజ్జు చేస్తే గాని ఒప్పుకోనన్నాడు. చెల్లెలు మధ్యలో నిలబడి బేరం తెగ్గొట్టింది. ఒక్కసారే నుజ్జు చేస్తే నాకు కుంటి మొగుడు మిగులుతాడు అన్నయ్యా, రోజుకో దెబ్బ చొప్పున నీ ఇష్టమొచ్చినన్నాళ్లు కొట్టుకో అంది. వెర్రి బేరమే. కాని ఆ ఇంట్లో ఎవరికీ అంతకన్నా తెలివైన మాట దొరకలేదు.

మొదట్లో కర్ర చివర ఇనుప పొన్ను ఉండేది. చర్మం చీలేది, ఎముక మీద బొప్పి కట్టేది. కట్టిన బొప్పి మీదే మర్నాటి దెబ్బ. రాత్రి భార్య నూనె రాసేది. ఏదో ఒక ఏడాది పొన్ను పోయి రబ్బరు ముక్క వచ్చింది. గోడ చూశాడు, అడగలేదు. అడిగితే మళ్లీ ఇనుము వస్తుందేమోనని జంకాడు.

అతన్ని తొలిచింది దెబ్బ కాదు. అన్నయ్య కుంటుకుంటూ భోజనానికి వచ్చినప్పుడల్లా ఆమె మొదట ఆ విరిగిన కాలిని చూసి, తర్వాత మొగుణ్ని చూసేది. ఒక్క క్షణమే. తిట్టినా బాగుండేది. ఆ చూపుతోనే కాపురం ముసలిదైంది. ఒక్కసారి, ఆమె ఎదురుగా, బావ నోటితో ‘వీడు బంతికే వెళ్లాడు’ అన్న మాట వస్తే చాలునని గోడ ఆశ. ఎన్నిసార్లు అడిగినా బావ మాట మార్చేవాడు. మీ జట్టులో కవలలు విరామంలో చొక్కాలు మార్చుకున్నారే, ఆ తర్వాత గోలు వేసింది అన్నా, తమ్ముడా అని మొదలుపెట్టేవాడు. ఇక వాదనలోనే మధ్యాహ్నమయ్యేది.

ఈ రోజు ఆ పెదవుల రంగు చూశాక గోడ ఇంక ఆగదలచుకోలేదు. కత్తి తుడిచి, నోరు తెరవబోతుండగా టైర్ల కొట్టువాడు వచ్చాడు.

వాడు రేవు జట్టు అభిమాని. ఆ రోజు గోడ చెవి పగలగొట్టిన సీసా తనదేనని ఇప్పటికీ చెప్పుకుని తిరిగే రకం. రోజూ హంతకుడి కొట్టు అని ఎగతాళి చేస్తూనే ఇక్కడే మాంసం కొంటాడు. పాత మైదానాన్ని ఆ పొద్దున పడగొడుతున్నారట. వాడు అక్కడే తాగి, కోసేసిన గోలు స్తంభంలోంచి మూరెడు పైపు ముక్క చంకన పెట్టుకుని వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చాడో తాగాడో, రెండూనో.

“అంతా అయిపోయింది అన్నా, ఒక్క మెట్టు కూడా మిగల్లేదు” అన్నాడు పాదరసంతో. తర్వాత గోడ వైపు చెయ్యి చూపాడు. “వీడి వల్లే. నువ్వుండి ఉంటే మన జట్టు మూతపడేదా?”

అంటూనే పైపు ఊపాడు. గోడ చేతిలో కత్తి ఉంది. అది మేక మెడను ఒక్క వేటుకు తెంపే కత్తి, ఆ మాటకొస్తే మనిషి మెడ ఏమంత లావు? ఆ ఆలోచన తనదేనని గోడకు తెలిసింది. కోపం వచ్చినప్పుడు కత్తిని మొద్దులో దింపి చెయ్యి తీసెయ్యాలన్నది వృత్తిలో తొలి పాఠం. దింపాడు. చెయ్యి తీసేలోపు పైపు వచ్చి మోకాలి కింద, సరిగ్గా ఆ పాత బొప్పి మీదే పడింది. కళ్లు బైర్లు కమ్మాయి. రెండో దెబ్బ భుజం మీద. తట్టలోని మాంసంతో సహా నేల మీద పడ్డాడు. మూడో దెబ్బకు పైపు పైకి లేచింది.

అది దిగలేదు. బావ చేతికర్రను తిరగేసి పట్టుకుని, పిడితో వాడి మూతి మీద కొట్టాడు. పళ్లు రాలిన చప్పుడు. మళ్లీ కొట్టాడు. ముక్కు చిట్లి నెత్తురు ఎగిరి పొట్టేలు మీద పడింది, ఏ నెత్తురు ఏదో తెలియకుండా పోయింది. కుంటికాలి మీద నిలబడి, కూలిపోతూ కూడా ఇంకోటి కొట్టాడు. ఇంతకుముందు ఈగను తోలిన చెయ్యేనా ఇది అని గోడ నేల మీదినుంచి నోరు వెళ్లబెట్టి చూశాడు.

“ఆ కాలు నాదిరా. కొడితే నేను కొట్టాలి. నువ్వెవడివి?” అన్నాడు బావ. రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. “ఆ రోజు బంతి నా నుంచి జారిపోయింది. ఎక్కువ తోశాను. ఇంక అందదని తెలిసి బంతి వదిలేసి వీడి మోకాలి మీదికి దూకాను, విరుద్దామని. వీడు బంతిని తన్నాడు, నా కాలు దానికి అడ్డం వచ్చింది. అంతే. పో.”

టైర్ల కొట్టువాడు గుమ్మానికి చేరబడి, నెత్తురూ పళ్లూ దోసిట్లోకి ఉమ్ముకుంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

గోడ మొద్దు పట్టుకుని లేచాడు. కాలు నేల మీద ఆనడం లేదు. కోపం రావాలి కదా, వచ్చింది కూడా. ఇన్నేళ్ల దెబ్బలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. కాని మోయలేని బరువేదో భుజం మీదినుంచి దిగినట్టుండి, ఆ కోపం నిలబడలేదు.

“మరి రోజూ ఎందుకు కొట్టావు బావా?”

“ఆ రోజు నీకు తగలాల్సిన దెబ్బే. ఒక్కసారి కుదరలేదు, వాయిదాల మీద ఇచ్చుకుంటున్నాను” అన్నాడు బావ, స్టూలు మీద కూర్చుని వెనక స్తంభానికి ఒరుగుతూ. కొట్టకపోతే నేనే కొట్టించుకోవాల్సినవాణ్నని అందరికీ తెలిసిపోయేది కదరా అన్నాడు, చాలా మెల్లగా.

సాయంత్రం ఇంటికొచ్చి ఈ మాట మీ చెల్లెలితో అనాలని గోడ అడిగాడు. బావ తలూపాడు. కాస్త ఒరుగుతాను, తర్వాత వెళదామన్నాడు. కర్రను మొద్దుకు చేర్చి నిలబెట్టాడు.

గోడ నేల మీది మాంసం ఏరి, కడిగి, మిగిలిన సగం కొట్టడం మొదలుపెట్టాడు. ఒంటికాలి మీద నిలబడి కొడుతున్నా చెయ్యి తేలిగ్గా ఆడింది. సంతోషంగా ఉంది, దాచుకోవడం కూడా చేతకావడం లేదు. ఆ కవలల సంగతి నేనే చెబుతాను బావా, గోలు వేసింది తమ్ముడు, ఒంటి మీదున్నది అన్న చొక్కా అని చెప్పాడు. నిజానికి అది తప్పు, బావ ఒప్పుకోడని తెలిసే అన్నాడు. వాదన రాలేదు. ఇంకో రెండు ఎముకలు కొట్టాక తిరిగి చూశాడు. బావ కళ్లు సగం తెరిచి, వీధిలోకి చూస్తున్నట్టే ఉన్నాడు. ఒక ఈగ వచ్చి కింది పెదవి మీద వాలింది, లేవలేదు.

టైర్ల కొట్టువాడే తన బండి మీద శవాన్ని ఇంటికి చేర్చాడు. వాచిన మూతితో గుమ్మంలో నిలబడి, “అక్కా, అన్న పోయేముందు ఒక మాట...” అని ఏదో చెప్పబోయాడు. గోడ వాడి వైపు చూశాడు. వాడు మూతి మీద గుడ్డ అదుముకుని తలదించుకున్నాడు.

ఆమె అన్నయ్య పక్కన చాలాసేపు కూర్చుంది. గట్టిగా ఏడవలేదు. ఆ వంకర కాలిని నిమిరి, దుప్పటి కప్పింది. తర్వాత అలవాటు కొద్దీ నూనె గిన్నె తెచ్చి మొగుడి ముందు కూర్చుని పంట్లాం పైకి మడిచింది. కాలు కుండలా వాచి, నల్లగా పగిలి ఉంది.

“పోయే రోజు కూడా ఇంత గట్టిగా కొట్టాడా?” అంది.

గోడకు మాట గొంతు దాకా వచ్చింది. జీవితమంతా మోసిన మాట. చెబితే ఆమె నమ్ముతుంది, సాక్షి గుమ్మంలోనే ఉన్నాడు. కాని దుప్పటి కింద ఉన్నవాడు లేచి వాదించలేడు కదా. ఇక నుంచి ఆ ఒక్క క్షణపు చూపు తన మీది నుంచి వెళ్లి ఆ దుప్పటి మీద పడుతుంది.

“గట్టిగానే కొట్టాడు. నిక్షేపంగా ఉన్నాడు, బలం ఎక్కడా తగ్గలేదు” అన్నాడు.

ఆమె మొహంలో ఏదో సడలింది. గర్వంలాంటిది కనిపించింది, వెంటనే కన్నీళ్లొచ్చాయి. నూనె చేతిని ఆ కాలి మీదే ఉంచి తల ఎత్తింది.

“ఇంక చాల్లే. తీరిపోయింది. నేనూ మర్చిపోతాను” అంది.

చెయ్యని తప్పుకు దొరికిన క్షమ అది. గోడ దాన్ని తీసుకున్నాడు. ఆమె భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు, ఎందుకేడుస్తున్నాడో తనకు తెలుసనుకుంది ఆమె.

చీకటి పడకముందే కొట్టు మూయాలని గుర్తొచ్చి కుంటుకుంటూ వెళ్లాడు. కత్తి మొద్దులోనే దిగి ఉంది. పక్కన బావ చేర్చి పెట్టిన చేతికర్ర అలాగే నిలబడి ఉంది, పిడి మీద టైర్ల కొట్టువాడి నెత్తురు ఎండి అట్టకట్టింది, కింద రబ్బరు ముక్క రోజూ కాలికి తగిలిన ఒకవైపే అరిగిపోయి, లోపలి తెల్లపొర బయటపడుతోంది.