చెల్లెలి క్లాసులో సుడిగాలి

ఆపరేషనైన పేషెంట్లని తెలివి వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండే గదిలో ఆమె సీనియర్ నర్సు. నడకలో, మాటలో, సూది వెయ్యడంలో ఒకటే వేగం. అందుకే తోటివాళ్ళు ఆమెని సుడిగాలి అనేవారు. ముఖం మీద ఎవరూ అనకపోయినా సంగతి ఆమెకి తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడాను.

ఆ గర్వానికి గండి కొట్టింది సొంత చెల్లెలే. ఊపిరి దారి మూసుకుపోయినప్పుడు ఏం చెయ్యాలో నర్సులకి పై స్థాయి శిక్షణ ఇప్పించాలని ఆస్పత్రివాళ్ళు అనుకున్నారు. తీరా చూస్తే నేర్పడానికి వచ్చింది, సుడిగాలి చంకనేసుకుని పెంచిన చెల్లెలు. తను జడలేసి, ముక్కు తుడిచిన పిల్ల బోర్డు ముందు నిలబడి, "సిస్టర్, మీరు కాస్త ముందుకి రండి" అని పిలిచేసరికి ఆమెకి ఒళ్ళు మండింది.

బల్ల మీద రబ్బరు బొమ్మ నోరు తెరుచుకుని పడుకుని ఉంది. లైటున్న బ్లేడుని ఆ నోట్లోకి పోనిచ్చి, నాలుకని పక్కకి తప్పించి, గాలిగొట్టం ద్వారం కనబడ్డాక ట్యూబు దించాలి. సుడిగాలి ఒక్క ఊపున బ్లేడు ఎత్తింది. బొమ్మ పై పళ్ళు టక్కుమన్నాయి. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ టక్కు. చివరికెలాగో ట్యూబు దిగింది గానీ, దానికి గాలి పంపే బ్యాగు తగిలించి నొక్కితే ఉబ్బింది ఊపిరితిత్తులు కాదు, పొట్ట.

"పేషెంటుకి పళ్ళూ పోయాయి, ఊపిరీ అందలేదు సిస్టర్," అంది చెల్లెలు ఎంతో మర్యాదగా. "కడుపు మాత్రం నిండింది."

గదంతా నవ్వింది. సుడిగాలికీ నవ్వక తప్పలేదు, చెవులు మాత్రం వేడెక్కిపోయాయి. తర్వాత చెల్లెలు నిదానంగా వివరించింది. ట్యూబు వెయ్యడం గొప్ప కాదట, గాలి లోపలికి వెళ్ళడం ముఖ్యమట. వెళ్ళకపోతే అదే పని అదే మోటుగా మళ్ళీ చెయ్యకుండా ఏదో ఒకటి మార్చాలట: తల ఉన్న తీరో, చేతి పట్టో, పరికరమో, ఆఖరికి మనిషినో. ఆ ఆఖరి మాట దగ్గర చెల్లెలు తనవైపే చూసిందని సుడిగాలికి గట్టి అనుమానం.

పౌరుషం ఇంటిదాకా వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం భర్త సోఫాలో వెల్లకిలా పడుకుని గురకపెడుతున్నాడు. వెనక్కి జారిన నాలుక, సగం మూసుకున్న దారి, ఇంతకంటే మంచి బొమ్మ ఎక్కడ దొరుకుతుంది? తల వెనక చేరి, దవడ మూలల కింద వేళ్ళు పెట్టి ముందుకి ఎత్తింది. గురక ఠక్కున ఆగింది. ఆయన కదలకుండా కళ్ళు మాత్రం తెరిచాడు.

"నన్ను బతికిస్తున్నావా, పీక నొక్కుతున్నావా? ముందే చెబితే దానికి తగ్గట్టు పడుకుంటాను."

ఆ కబురు ఆయనే మరదలికి ఫోన్లో చేరవేశాడు. బావగారి పళ్ళన్నీ ఉన్నాయా అని ఆవిడ అడిగిందట.

సుడిగాలి పట్టు వదల్లేదు. డ్యూటీ దిగాక బొమ్మ దగ్గరికే వెళ్ళేది. బ్లేడుని లాగకుండా ఎత్తడం, చూసి ఆగడం మెల్లమెల్లగా చేతికొచ్చాయి.

ఒక మధ్యాహ్నం, నర్సులు ఎలా చేస్తున్నారో చూడ్డానికి చెల్లెలు సుడిగాలి పనిచేసే గదికి వచ్చిన వేళ, అప్పుడే ఆపరేషనై వచ్చిన గడ్డమాయన గురక ఉన్నట్టుండి ఆగిపోయింది. అది నిద్ర కాదు, ఛాతీ ఎగురుతోంది గానీ గాలి ఆడటం లేదు. సుడిగాలి డాక్టరు కోసం కేకేసి, దవడ ఎత్తి, ముక్కూ నోరూ కప్పేలా రెండు చేతులా మాస్కు అదిమిపట్టింది. చెల్లెలు బ్యాగు నొక్కింది. గుబురు గడ్డం సందుల్లోంచి గాలంతా బుస్సుమంటూ బయటికి పోతోంది. తెర మీద ఆక్సిజన్ అంకె దిగిపోతోంది. ఆ మొహం పాలిపోయి నీలిరంగుకి తిరుగుతోంది. ఇంకా గట్టిగా అదమాలని సుడిగాలి చేతులు తొందరపడ్డాయి. చెల్లెలు నొక్కిందే నొక్కుతోంది.

"లాభం లేదు, మారుద్దాం," అంది సుడిగాలి. "బ్యాగు పక్కన పెట్టు. గొంతులో కూర్చునే మాస్కు అందుకో."

చెల్లెలు ఉలిక్కిపడి అందించింది. సుడిగాలి దాన్ని అంగిలి వెంబడే, పసిపిల్ల నోట్లో చెంచా పెట్టినంత మెల్లగా లోపలికి జార్చింది. బ్యాగు తగిలించి నొక్కితే ఛాతీ లేచింది. తెర మీద ఊపిరి గీత అలలు అలలుగా లేచింది, ఆక్సిజన్ అంకె ఎక్కడం మొదలెట్టింది. రొప్పుకుంటూ వచ్చిన మత్తు డాక్టరు పేషెంటు గుండెల మీద స్టెతస్కోపు ఆనించి విని, ఇక తను చూసుకుంటానని బ్యాగు అందుకున్నాడు.

చేతులు కడుక్కునే చోట చెల్లెలు సబ్బు రెండుసార్లు జారవిడిచింది.

"బొమ్మ దగ్గర ఎప్పుడూ ఇలా అవ్వలేదక్కా."

"బొమ్మకి పెళ్ళాం పిల్లలు లేరుగా," అంటూ సుడిగాలి కుళాయి కట్టేసి, ఆ తడిచేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది. వణుకు తగ్గేదాకా వదల్లేదు.

మర్నాడు గడ్డమాయన మంచం మీద కూర్చుని, దవడ రెండువైపులా నొప్పెడుతోందనీ, మత్తులో ఉండగా ఎవరైనా కొట్టారా అనీ అడిగాడు. కొట్టలేదని, పట్టుకున్నామని సుడిగాలి ఒప్పుకుంది. ఆయన భార్య మాత్రం, ఆ నొప్పి పుణ్యమా అని పొద్దుట్నుంచి ఇప్పటిదాకా ఈయన నోరెత్తలేదు, ఆ పట్టేదో నాకూ నేర్పండి సిస్టర్ అని పక్కన కుర్చీ లాగింది.