ఫొటో లేని అన్నం

నిజామాబాద్ పెద్ద దవాఖాన గేటు పక్కన, రోగుల వెంట వచ్చినవాళ్ళకు మేం మధ్యాహ్నం అన్నం పెడతాం. వండేది ఎస్తరక్క, వడ్డించేది నేను. బియ్యం మాత్రం బోధన్ దగ్గర కాలువ కింద సేద్యం చేసే సతీష్‌బాబు గారివి.

ఆ రోజు ఆయన బ్యానర్ కట్టించారు. పళ్ళేనికి ఒక పక్క తను పట్టుకుని, రెండో పక్క తినేవాళ్ళను పట్టుకోమని ఒక్కొక్కరితో ఫొటో దిగుతున్నారు. నాగవ్వ వంతు వచ్చింది. ఆమెది కోటగిరి. కొడుకును దవాఖానలో చేర్చి నాలుగు రోజులైంది. ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"కొంగు తియ్యమ్మా, ముఖం కనపడాలి."

"వద్దు సారూ, మా ఊరోళ్ళు సూస్తరు. మొన్నటిదాంక నా ఇంట్లనే పదిమంది కూలోళ్ళు తిన్నరు."

పళ్ళెం వదిలేసి పోయింది. కుళాయి దగ్గర కడుపునిండా నీళ్ళు తాగి గోడవారన కూర్చుంది.

"ఫొటోలు బంద్ చెయ్యండ్రి సార్," అంది ఎస్తరక్క.

"నా గొప్ప కోసం కాదమ్మా. నలుగురు చూస్తేనే ఇంకో నలుగురు సాయానికి వస్తారు."

"అన్నం వండిన గంజును ఫొటో తీస్కోండ్రి, నన్ను తీస్కోండ్రి. తినేటోళ్ళను వద్దు."

"అయితే రేపట్నుంచి బియ్యం మీరే చూసుకోండి."

"సూసుకుంటం."

ఆయన పోగానే నేను అడిగాను. "యాడికెల్లి తెస్తవక్కా?"

"మా చర్చి ఆడోళ్ళం ఎసరు పెట్టినప్పుడల్లా దేవునికని పిడికెడు బియ్యం తీసి పక్కకు పెడ్తం. గట్లనే గల్లీలల్ల అడుగుదాం, పా."

సాయంత్రం సంచి పట్టుకుని తిరిగాం. ఒకామె నవ్వింది. "ఏందక్కా, ఎలక్షన్లల్ల నిలవడ్తున్నవా?"

"పిడికెడు బియ్యానికి ఓటెవరేస్తరు బిడ్డా?"

ఆమె రెండు పిడికిళ్ళు వేసింది. కొందరు తలుపే తీయలేదు. అయినా చీకటి పడేలోగా సంచి నిండింది.

మరునాడు తొందరలో, సంచిలో కలిసిపోయిన రకరకాల బియ్యాన్ని అలాగే ఎసట్లో పోశాం. పొరపాటు అక్కడే జరిగింది. సన్నబియ్యం ముద్దయ్యాయి, రేషన్ దొడ్డుబియ్యం పలుకుగానే ఉన్నాయి. అక్క గంజులోకి ఒకసారి చూసింది. రెండు బిందెల నీళ్ళు పోసి, ఇంత ఉప్పు వేసి, మంట పెంచి జావ కాచింది.

గ్లాసులు పట్టుకుని జనం నిలబడ్డారు. నాగవ్వ కూడా వచ్చింది, కొంగు ముఖం మీదే ఉంది. సరిగ్గా అప్పుడే సతీష్‌బాబు గారు కారు దిగారు.

"ఇదా మీరు పెట్టేది? అందరూ చూడాలిది," అంటూ ఫోన్ పైకెత్తారు.

అప్పటిదాకా నేను పెద్దవాళ్ళకు ఎన్నడూ ఎదురు చెప్పలేదు. గరిటె ఆయన ఫోన్‌కు అడ్డం పెట్టాను.

"తాగుతె గ్లాసు పట్టుకొని లైన్ల నిలవడుండ్రి సార్. ఫోన్ జేబుల పెట్టుండ్రి," అన్నాను.

గరిటె నుంచి జావ కారి ఆయన చెప్పు మీద పడింది. నేను చెయ్యి దించలేదు.

నాగవ్వ కొంగు భుజం మీదికి వేసుకుని, గ్లాసు ముందుకు చాచింది.